తోటివాడి స్క్రీన్ మనకు కనబడదు

బీజీఎంఐ అనే ఫోన్ తుపాకీ ఆటలో నలుగురు కలిసి స్క్వాడ్‌గా ఆడేటప్పుడు గుండు తగిలినవాడు వెంటనే చచ్చిపోడు. నాక్ అవుతాడు. నేల మీద పాకుతూ ఉంటాడు, ప్రాణం గీత కొద్దికొద్దిగా తరిగిపోతూ ఉంటుంది. జట్టులో ఇంకొకడు దగ్గరికి వచ్చి, పక్కనే కూర్చుని, కొన్ని సెకన్లు కదలకుండా ఉంటేనే అతను లేస్తాడు. ఆ కొన్ని సెకన్లూ లేపేవాడు తుపాకీ పేల్చలేడు, పరిగెత్తలేడు. అంటే తన ప్రాణాన్ని పణంగా పెట్టి అక్కడ కూర్చున్నట్టే. రాత్రి పదకొండు గంటలకు తిరుపతిలో ఏ హాస్టల్ వరండాలో నిలబడినా ఈ ఘట్టం చెవిన పడుతుంది.

"రేయ్, నాక్ అయిపోయినా రా! రివైవ్, రివైవ్!"

దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "నిన్నెవడు పొమ్మన్నాడురా ఆడికి?" అన్నది ఒకటి. "ఆ గోడ ఎనక్కి పాకు మామా, స్మోక్ వేసి వస్తా ఉండా" అన్నది ఇంకొకటి. స్మోక్ అంటే శత్రువుకు కనబడకుండా దాచే పొగ బాంబు.

మొదటి జవాబులో బూతేమీ లేదు, చూడబోతే మామూలు ప్రశ్నే. కానీ నేల మీద పాకుతున్నవాడికి దానివల్ల ఒక్క సంగతి కూడా తెలియదు. ఎవరైనా వస్తున్నారా, అక్కడే ఉండాలా, ఎటైనా జరగాలా, ఏమీ తెలియదు. రెండో జవాబు విన్నవాడికి ఇవన్నీ ఒకేసారి తెలిసిపోతాయి. పైగా టెన్షన్ సగం దిగుతుంది. రెండు మాటలకూ పట్టిన సమయం ఒకటే.

కలిసి ఆడే ఆటల్లో మంచి జట్టువాడు అంటే గురి బాగా ఉన్నవాడని కొందరు అంటారు, మర్యాదగా మాట్లాడేవాడని కొందరు అంటారు. రెండూ ఉంటే మంచిదే. చిక్కు మాత్రం వేరేచోట ఉంది. కబడ్డీ కోర్టులో పక్కవాడు రొప్పుతున్నాడో, కాలు బెణికి కుంటుతున్నాడో కంటికి కనబడుతుంది. ఫోన్లో ఆడేటప్పుడు నలుగురికీ నాలుగు స్క్రీన్లు. తోటివాడి స్క్రీన్ మీద ఏముందో, అతని వెనక గదిలో ఏం జరుగుతోందో మిగతా ముగ్గురికీ తెలియదు. ఆ తెలియని చోటును మనసు ఖాళీగా వదిలిపెట్టదు. ఏదో ఒకటి ఊహించుకుంటుంది, అదీ చాలావరకు ఒకే మాట: వీడికి ఆడటం రాదు.

నెట్ సంగతే తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. ఒక వైఫై మీద పాతిక మంది ఉండే పీజీలో రాత్రి పదింటికి అందరూ వీడియోలు పెట్టగానే, అంతదాకా నలభై మిల్లీసెకన్ల దగ్గరున్న పింగ్, అంటే సంకేతం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, ఒక్కసారిగా మూడు వందలు దాటుతుంది. మిగతావాళ్ళకు అతను గోడకు మొహం పెట్టి పరిగెడుతున్నట్టు కనబడతాడు, శత్రువు ఎదురుగా ఉన్నా పేల్చడు. అతని స్క్రీన్ మీద మాత్రం శత్రువే లేడు. రెండు సెకన్ల తర్వాత ఒకేసారి కనబడతాడు, అప్పటికి తను నేల మీద ఉంటాడు. "నూబ్", అంటే ఆట రానివాడు, అన్న మాట పడుతుంది. "నెట్ పోతా ఉంది, ఈ ఫైట్‌లో నన్ను నమ్ముకోవద్దండి" అని అతను ముందే ఒక్క మాట అనుంటే జట్టు వేరే దారి చూసుకునేది. అది చెప్పడం అతని బాధ్యత. చెప్పకపోయినా, నెట్ కావచ్చునేమో అని ఒక్క క్షణం ఆగడం మిగతావాళ్ళ బాధ్యత.

ఆటలు తయారుచేసేవాళ్ళకు ఈ ఇబ్బంది ముందునుంచీ తెలుసు. 2008లో వచ్చిన 'లెఫ్ట్ 4 డెడ్'లో నలుగురు బతికి బయటపడాలి. అందులో హంటర్ అనే జాంబీ మీదికి దూకితే, కిందపడినవాడు ఎంత గొప్ప ఆటగాడైనా తనంతట తాను విడిపించుకోలేడు. పక్కవాడు వచ్చి తోసేయాలి, లేదా కాల్చాలి. ఒంటరిగా ముందుకు పరిగెత్తినవాడు అక్కడే అయిపోతాడు. 'కలిసి ఉండండి' అని తెర మీద రాసి ఊరుకోకుండా, కలిసి లేకపోతే బతకలేని ఏర్పాటు చేశారన్నమాట.

2012లో ప్లేస్టేషన్ 3కి వచ్చిన 'జర్నీ' కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎడారిలో ఇద్దరు అపరిచితులు కలిసి కొండ వైపు నడిచే ఆట అది. పేర్లు కనబడవు, మాటలు ఉండవు, ఒక చిన్న కూత మాత్రం వేయవచ్చు. తయారీలో ఉన్న రోజుల్లో ఒకరినొకరు నెట్టుకునే వీలు పెట్టారు, అడ్డం వచ్చిన రాళ్ళను కలిసి తోయడానికి పనికొస్తుందని. ఆడి చూసినవాళ్ళు రాళ్ళను వదిలేసి ఒకరినొకరు గోతుల్లోకి తోసుకున్నారు. నెట్టే వీలు తీసేసి, దాని బదులు ఒకరినొకరు తాకితే ఇద్దరి మెడలోని కండువాకూ ఎగిరే శక్తి వచ్చేలా మార్చారు. అదే మనుషులు, అంతకుముందు గోతిలోకి తోసుకున్నవాళ్ళే, పక్కపక్కన ఆనుకుని నడవడం మొదలుపెట్టారు. మనుషుల బుద్ధి రాత్రికి రాత్రి మారిపోలేదు. చేతిలో ఉన్న పని మారింది. కలిసి ఆడటం గురించి చెప్పిన ఉపన్యాసాలన్నిటికన్నా ఈ ఒక్క మార్పు ఎక్కువ చెబుతుంది.

తిట్ల విషయంలో కూడా ఇలాంటి సంగతే బయటపడింది. ఐదుగురి జట్లతో ఆడే 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'ను నడిపే రయట్ గేమ్స్, జెఫ్రీ లిన్ అనే పరిశోధకుడి ఆధ్వర్యంలో ఆటగాళ్ళ ప్రవర్తనను కొన్నేళ్ళు గమనించింది. ఎప్పుడు చూసినా నోరు పారేసుకునేవాళ్ళు సుమారు 1 శాతం మంది ఉన్నారు. ఆటలో కనిపించే దుష్ప్రవర్తనలో వాళ్ళ వాటా మాత్రం 5 శాతమే అని తేలింది. మిగతాదంతా చాలావరకు మామూలు మనుషులది, ఆ రోజు బాగాలేక నోరు జారినవాళ్ళది. అంటే నలుగురు చెడ్డవాళ్ళను పట్టుకుని బ్యాన్ చేస్తే తీరే సమస్య కాదిది. పరీక్ష పోయిన రోజున, ఇంట్లో మాట పడిన రోజున, మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిన రాత్రి ఎవరైనా ఆ మనిషి కావచ్చు.

అదే సంస్థ ఇంకో చిన్న పని చేసింది. ఎదుటి జట్టుతో మాట్లాడే చాట్‌ను ముందు ఆపేసి ఉంచి, కావాలనుకున్నవాళ్ళు ఆన్ చేసుకోవచ్చంది. ఆ మార్పుకు ముందు వారాన్నీ తర్వాతి వారాన్నీ పోల్చి చూస్తే చెడ్డ మాటలు 30 శాతానికి పైగా తగ్గాయి, మంచి మాటలు 35 శాతం దాకా పెరిగాయి. చాట్ వాడేవాళ్ళేమో ఎప్పటిలాగే వాడుతున్నారు. నోటికీ వేలికీ మధ్య ఒక మీట అడ్డం పెట్టడమే తేడా. నాక్ అయినప్పుడు మైక్ వెంటనే నొక్కకుండా ఒక ఊపిరి పీల్చుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఈ మీటను సొంతంగా పెట్టుకున్నవాళ్ళే.

పేరు, ముఖం కనబడకపోతే మనుషులు మామూలుగా అననివి అంటారని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లోనే వివరంగా రాశారు. తిరుపతివాళ్ళకు ఇది కొత్త విషయమేమీ కాదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. ఊరంతా వేషాలు కడుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఇలా రోజుకొకటి. వాటిలో కొన్ని వేషాలు కట్టినవాళ్ళు బూతులు తిట్టడం మొక్కులో భాగం. ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే ఆ తిట్టుకు ఒక కట్టుబాటు ఉంది. రోజులు ఇన్నని ఉంది, వేషం తీయగానే ఆగిపోవాలని ఉంది, తిట్టించుకునేవాడికి అది జాతర తిట్టని తెలుసు, తిట్టేవాడు అమ్మవారి పేరు మీద తిడుతున్నాడు. వేషం ముఖాన్ని దాస్తుందేగానీ ఊరి మధ్యనుంచి మనిషిని తప్పించదు. ఆటలోని వేషానికి ఈ కట్టుబాట్లేవీ లేవు. ఏడాది పొడుగునా జాతరే. తిట్టు పడేది ఎక్కడో ఉన్న పదమూడేళ్ళ పిల్లవాడి మీద కావచ్చు, వాడికి అది ఆచారమని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆడ గొంతు వినబడగానే ఆట పక్కకు పోయి, పేరేంటి, ఏ ఊరు, ఇన్‌స్టా ఐడీ ఇవ్వు అని మొదలవుతుంది. కాదంటే తిట్లు. అందుకే చాలామంది అమ్మాయిలు మైక్ ఆన్ చేయకుండానే ఆడతారు. దానివల్ల జట్టుకు ఒక కళ్ళజత తక్కువవుతుంది, ఆ అమ్మాయికి ఆట సగమే మిగులుతుంది. మూడోవాడు అలా మొదలుపెట్టినప్పుడు "ఫైట్ చూడన్నా, అవన్నీ ఎందుకు" అని జట్టులో ఒకడు అంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ ఒక్కడు నోరు మెదపకపోవడమే ఎక్కువసార్లు జరుగుతోంది. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

మాటలు, తిట్లు పక్కన పెడితే, పని పంచుకోవడంలో కూడా సౌజన్యం ఉంటుంది. దాన్ని అరచేతిలో పెట్టి చూపించే ఆట 'ఓవర్‌కుక్డ్'. మొదటిది 2016లో వచ్చింది, ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఆడేది. 2018లో వచ్చిన రెండోదాంట్లో ఆన్‌లైన్ చేరింది. అదొక వంటిల్లు. ఉల్లిపాయ సూప్ ఆర్డర్ వస్తుంది. మూడు ఉల్లిపాయలు తెచ్చి, తరిగి, గిన్నెలో వేసి, ఉడికాక ప్లేటులో పోసి, కిటికీ దగ్గర పెట్టాలి. టైం అయిపోతుంటుంది. గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే అంటుకుంటుంది. ఇచ్చిన ప్లేట్లు ఎంగిలివై తిరిగొస్తాయి, ఎవరో ఒకరు కడగాలి.

మొదటిసారి ఆడే నలుగురూ చేసేది ఒకటే. నలుగురూ ఉల్లిపాయలు తరుగుతారు. తరగడంలో సరదా ఉంది, పని జరుగుతున్నట్టు కనబడుతుంది. రెండు నిమిషాలయ్యేసరికి తరిగిన ఉల్లిపాయలు బల్లల నిండా ఉంటాయి, ఒక గిన్నె అంటుకుని ఉంటుంది, శుభ్రమైన ప్లేటు ఒక్కటీ ఉండదు. అప్పుడు "ప్లేట్లు ఎవరు కడుగుతారురా?" అన్న అరుపు వినబడుతుంది. ఆ ప్రశ్న వినబడిందంటే ఎవరూ కడగడం లేదనే. బాగా ఆడే జట్టులో ఆ ప్రశ్న రాదు. "ప్లేట్లు నావి" అన్న మాట ముందే వస్తుంది. ఆ మాట అన్నవాడికి చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు, ఆటంతా సింకు దగ్గరే నిలబడతాడు. మిగతా ముగ్గురి పనీ అతని చేతి మీద నడుస్తుంది.

తిరుమల ఆలయ వంటశాల, అదే పోటు, గురించి విన్న ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు. రోజుకు లక్షల లడ్డూలు తయారయ్యే చోట అందరూ అన్నీ చేస్తే ఒక్క లడ్డూ బయటికి రాదు. బూంది వేసేవాళ్ళు వేరు, పాకం పట్టేవాళ్ళు వేరు, ఉండ కట్టేవాళ్ళు వేరు. సరుకులు ఎంతెంత అన్నదానికి దిట్టం అని ఒక లెక్క ముందే రాసి ఉంటుంది. పాకం దగ్గరున్నవాడు బూంది దగ్గరికి వెళ్ళి సలహా ఇవ్వడు. తన పాకం ముదరకుండా చూసుకోవడమే అతను బూందివాడికి చేసే సాయం. ఆటలో ప్రతి నిమిషం "నువ్వు అది చెయ్, నువ్వు ఇటు రా" అని అందరినీ నడిపించాలని చూసేవాడు ఈ చిన్న సంగతి మరిచిపోతాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటాడు పాపం. అవతలివాడికి మాత్రం తన ఆట తాను ఆడుతున్నట్టే ఉండదు.

భాష విషయంలో చిత్తూరు జిల్లా పిల్లలకు ఒక సహజమైన బలం ఉంది. అటు వేలూరు, ఇటు కోలారు. ఇంట్లో తెలుగు, బజారులో అరవం, కుప్పం వైపైతే కన్నడం కూడా చెవిన పడుతూ పెరుగుతారు. ఎదుటివాడి ముఖం చూసి భాష మార్చడం వాళ్ళకు నేర్పాల్సిన పని లేదు. ర్యాండమ్‌గా కుదిరిన స్క్వాడ్‌లో ముగ్గురు తెలుగువాళ్ళు, ఒక తమిళ అబ్బాయి పడితే, ఆ ముగ్గురూ తమలో తాము తెలుగులో ఉధృతంగా మాట్లాడుకుంటూ పోతారు. నాలుగోవాడు ఏమీ అర్థంకాక వెనకపడి చస్తాడు, పైగా "వీడు మాట వినడు" అనిపించుకుంటాడు. చూస్తే పరిష్కారం స్క్రీన్ పైనే ఉంది. దిక్సూచి గీత మీద అంకెలు ఉంటాయి. "టూ ఫార్టీ, టూ ఎనిమీస్, హౌస్" అంటే కాశ్మీరువాడికీ కన్యాకుమారివాడికీ ఒకేలా అర్థమవుతుంది. "అదిగో ఆడ, ఆ చెట్టు పక్కన" అన్నది అచ్చ తెలుగువాడికి కూడా అర్థం కాదు, అతని స్క్రీన్‌లో పది చెట్లు ఉంటాయి.

2019లో వచ్చిన 'అపెక్స్ లెజెండ్స్' దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. దేన్ని చూస్తూ బటన్ నొక్కితే ఆ చోట గుర్తు పడుతుంది, అది శత్రువో, తుపాకీయో, వెళ్ళాల్సిన చోటో కూడా జట్టుకు తెలుస్తుంది. దీన్నీ పింగ్ అనే అంటారు. నెట్ పింగ్‌కూ దీనికీ సంబంధం లేదు. మైక్ లేనివాళ్ళు, మాట్లాడలేనివాళ్ళు, వినలేనివాళ్ళు కూడా సమానంగా ఆడగలిగారు. ఆ పద్ధతి మీద తమకున్న పేటెంటును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఆ ఆటను విడుదల చేసిన ఈఏ సంస్థ 2021లో ప్రకటించింది.

మైక్ గురించి ఒక మాట. బీజీఎంఐలో అడుగుల చప్పుడే ప్రాణం, శత్రువు ఏ గదిలో ఉన్నాడో చెప్పేది అదే. ఒకడు ఇయర్‌ఫోన్స్ లేకుండా మైక్ తెరిచి పెడితే వాళ్ళింటి కుక్కర్ విజిల్, ఫ్యాను రొద, పక్కగదిలో సీరియల్, తన స్పీకర్లోంచి తిరిగొచ్చే అందరి గొంతులూ మిగతా ముగ్గురి చెవుల్లో మోగుతాయి. వాడికి మాత్రం అవేమీ వినబడవు. అదే వాడి ఇల్లు, ఎప్పుడో అలవాటైపోయింది. మాట్లాడేటప్పుడే మైక్ నొక్కేలా పెట్టుకుంటే చాలు.

లూట్, అంటే ఆటలో దొరికే తుపాకులు, గుళ్ళ పంపకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏకేఎంకు 7.62 గుళ్ళు, ఎం416కు 5.56 గుళ్ళు. తన తుపాకీలో పట్టని గుళ్ళు మూడు వందలు సంచిలో మోసుకుని తిరిగేవాడు జట్టుకు చేసే నష్టం, గురి తప్పేవాడు చేసే నష్టం కన్నా తక్కువేం కాదు.

మధ్యలో వెళ్ళిపోవడం మాత్రం అంత తేలిక విషయం కాదు. కరెంటు పోతే ఎవరేం చేయలేరు. కానీ అమ్మ అన్నానికి పిలుస్తుందని అరగంట ముందే తెలిసినవాడు, చార్జింగ్ పది శాతమే ఉన్నవాడు, కొత్త మ్యాచ్ మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పవచ్చు. బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడే పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు రోజుకు 3 గంటలు అని హద్దు పెట్టారు. ఆ మూడు గంటలు ఎప్పుడు నిండుతాయో ఆ పిల్లవాడికి తెలుసు, మిగతావాళ్ళకు తెలియదు. మ్యాచ్‌కు ముందు అందరూ చేరే లాబీలోనే "నాది ఇంకొక్క మ్యాచే అన్నా" అంటే ఎవరూ తప్పుపట్టరు. చివరి జోన్‌లో, అంటే ఆట ముగింపుకు మిగిలిన చిన్న చోటులో, నలుగురూ మిగిలుండగా ఒకడు మాయమైతే తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో న్యాయం ఉంది కూడా.

మంచిగా ఆడినవాడిని మెచ్చుకోవడం ఆటల్లో ఎప్పుడూ తక్కువే. అందుకే 2012లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఒకరికొకరు గౌరవం ఇచ్చుకునే పద్ధతి పెట్టింది, 2018లో ఓవర్‌వాచ్ అనే ఆట కూడా అలాంటిదే తెచ్చింది. 2020లో పూర్తిగా విడుదలైన 'డీప్ రాక్ గెలాక్టిక్'లో ఒక బటన్ నొక్కితే గని కార్మికుడు "రాక్ అండ్ స్టోన్" అని కేక వేస్తాడు. దానివల్ల ఆటలో లాభమేమీ లేదు. అయినా ఒకడు వేస్తే మిగతా ముగ్గురూ వేస్తారు. పది మాటల పొగడ్త కన్నా ఆ కేక అపరిచితులను త్వరగా కలుపుతుంది. మన వైపు "సూపర్ రా మామా" అన్నదానికి అదే పని.

కొత్తవాడితో ఆడేటప్పుడు ఓపిక అందరికన్నా ఎక్కువ పరీక్షకు వస్తుంది. తమ్ముడో, హాస్టల్లో కొత్తగా చేరిన జూనియరో మొదటిసారి స్క్వాడ్‌లోకి వస్తాడు. ఎక్కడ దూకాలో తెలియదు, తలుపు తీయడం తెలియదు, సంచి నిండా కట్లు ఉన్నా కట్టుకోడు. ఒకేసారి పది చెప్తే పదీ మరిచిపోతాడు. మొదటి మ్యాచ్‌లో "నా ఎనకే రా, నేను పడుకుంటే నువ్వూ పడుకో" అన్నది చాలు. వాడు చస్తే "పర్లేదు, ఆడు నన్నూ కొట్టినాడు" అంటే రేపు మళ్ళీ వస్తాడు.

ఈ ఆటల్లో తోటివాడి స్క్రీన్ నిజంగా కనబడే సమయం ఒకటుంది. మనం పూర్తిగా చచ్చిపోయాక స్పెక్టేట్‌లోకి వెళ్తే, మిగిలినవాడి కళ్ళతోనే ఆట కనబడుతుంది. చాలామంది ఆ సమయంలో లాబీకి పోయి కొత్త మ్యాచ్ మొదలుపెడతారు, లేదా "లెఫ్ట్ లెఫ్ట్, కొట్టు కొట్టు" అని అరుస్తారు. నోరు మూసుకుని రెండు నిమిషాలు చూస్తే, అంతసేపూ పిరికివాడని తిట్టిన మనిషి తుపాకీలో పన్నెండు గుళ్ళే ఉన్నాయని కనబడుతుంది. తల మీద చిన్న హెల్మెట్, అదీ సగం పగిలిపోయింది. "అక్కడే ఉన్నాడు, కనబడలేదా?" అని తను అరిచిన చోట, అతని వైపు నుంచి చూస్తే ఒక కొండ అడ్డంగా ఉంది.